11 కేవీ కెపాసిటర్ బ్యాంకు ఆన్ చేస్తే ఐస్ ప్లాంటు డ్రైవు ట్రిప్పు: ఏటీపీకి తోడుగా ఏయే సాఫ్ట్‌వేర్లు కావాలి?

ఐసుప్లాంటు_భీమవరం

భీమవరం, ఆకివీడు మధ్య రొయ్యల చెరువుల ఫీడరు మీద ఒక ఐస్ ప్లాంటు. వివరాలు ఇవీ:

సబ్‌స్టేషన్‌లో 33/11 కేవీ, 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మరు, ఇంపీడెన్స్ 7.15 శాతం. 33 కేవీ వైపు ఫాల్ట్ లెవెల్ 200 ఎంవీఏ. 11 కేవీ బస్సు (లైన్లన్నీ కలిసే కడ్డీ) మీద 2 ఎంవీఏఆర్ కెపాసిటర్ బ్యాంకు, స్టార్ కనెక్షన్, న్యూట్రల్ ఎర్త్ చేయలేదు. అక్కడి నుంచి ప్లాంటుకి 6 కిలోమీటర్ల లైను, 55 చదరపు మిల్లీమీటర్ల ఏఏఏ కండక్టరు. ప్లాంటులో 500 కేవీఏ, 11 కేవీ/433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, ఇంపీడెన్స్ 4.5 శాతం. 415 వోల్టుల వైపు 150 కేవీఏఆర్ ఏపీఎఫ్‌సీ ప్యానెలు (పవర్ ఫ్యాక్టరు సరిచేయడానికి కెపాసిటర్లని తనే వేసి తీసేది), కంప్రెసరుకి 75 కిలోవాట్ల డ్రైవు (మోటారు వేగం మార్చేది).

సాయంత్రం చెరువుల్లో ఏరియేటర్లన్నీ ఒకేసారి తిరగడం మొదలయ్యాక సబ్‌స్టేషన్‌లో బ్యాంకు ఆన్ చేస్తారు. అదే క్షణంలో డ్రైవు "డీసీ బస్ ఓవర్‌వోల్టేజ్" చూపించి ఆగిపోతోంది. రోజూ కాదు, వారంలో మూడు నాలుగు సార్లు.

ఏటీపీ (సర్క్యూట్లలో వచ్చే క్షణిక ఊపుల్ని లెక్కించే ప్రోగ్రాం) కోసం బొమ్మ గీసే ఏటీపీడ్రాలో ముందు బస్సు వరకే గీశాను. సోర్సు, ట్రాన్స్‌ఫార్మరు కలిపి 7.43 మిల్లీహెన్రీ, బ్యాంకు 52.6 మైక్రోఫారడ్. స్విచ్ మూస్తే (అంటే ఆన్ చేస్తే) వేవ్‌ఫామ్ 2500 హెర్ట్జ్ దగ్గర ఊగుతోంది. ఇంత ఎక్కువ వస్తుందా? పైగా లిస్ ఫైలులో (ఏటీపీ రాసే రన్ నివేదిక) "ఫ్లోటింగ్ సబ్‌నెట్‌వర్క్ ఫౌండ్" అని వస్తోంది, అయినా రన్ ఆగట్లేదు.

ఇంకా అడగాల్సినవి: గ్రాఫులు చూడ్డానికి, హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కి గుణిజాలైన ఫ్రీక్వెన్సీలు) లెక్కకి, ఫీడరు రిలే రికార్డుతో పోల్చడానికి ఏటీపీ పక్కన ఏ టూల్స్ పెట్టుకోవాలి? ఉచితంగా దొరికేవే చెప్పండి, పెద్ద ప్యాకేజీలు కొనే స్థోమత లేదు.

గోస్తనీ_గట్టు

టూల్స్ సంగతి తర్వాత చూద్దామండి, ముందు మీ ఫైలు తప్పు. కాగితం మీద రెండు నిమిషాల పని:

ట్రాన్స్‌ఫార్మరు 0.0715 × 121 ÷ 5 = 1.73 ఓమ్‌లు. సోర్సు 121 ÷ 200 = 0.605. మొత్తం 2.335 ఓమ్‌లు, అంటే 7.43 మిల్లీహెన్రీ. ఇంతవరకు మీ లెక్క కరెక్టే. 11 కేవీ దగ్గర ఫాల్ట్ లెవెల్ 121 ÷ 2.335 = 51.8 ఎంవీఏ. ఊగే ఫ్రీక్వెన్సీ 50 × √(51.8 ÷ 2), అంటే 254 హెర్ట్జ్. మీకు వచ్చింది దానికి దాదాపు పది రెట్లు. ఈ పది రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఇట్టే తెలిసిపోతుంది.

ఏటీపీ సెట్టింగ్స్‌లో ఎక్స్ఆప్ట్, సీఆప్ట్ అని రెండు గళ్లుంటాయి. రెండూ సున్నా అయితే మీరిచ్చే అంకెలు మిల్లీహెన్రీలు, మైక్రోఫారడ్‌లు. 50 పెడితే అవే అంకెల్ని 50 హెర్ట్జ్ దగ్గర ఓమ్‌లుగా, మైక్రోమోలుగా చదువుకుంటుంది. ఎక్కడో పాత ఉదాహరణ ఫైలు తెచ్చి దాని మీదే గీసినట్టున్నారు, అందులో 50 ఉండి ఉంటుంది. అప్పుడు 7.43 కాస్తా 7.43 ఓమ్‌లై 23.6 మిల్లీహెన్రీ అయింది. 52.6 మైక్రోమోలై 0.167 మైక్రోఫారడ్‌కి పడిపోయింది. ఆ రెంటితో ఫ్రీక్వెన్సీ కడితే 2529 హెర్ట్జ్ వస్తుంది.

ఇంకో రుజువు కావాలంటే స్విచ్ మూశాక ట్రాన్సియెంట్ (ఆ క్షణిక ఊపు) తగ్గేదాకా ఆగి బ్యాంకు కరెంటు చూడండి. 2 ఎంవీఏఆర్‌కి 105 ఆంపియర్లు రావాలి. మీకు 0.33 ఆంపియరు వస్తుంటే ఇదే రోగం.

రెండింటినీ సున్నా చేసి మళ్లీ రన్ చేయండి. మొదటి ఇన్‌రష్ (మూయగానే దూసుకొచ్చే కరెంటు) శిఖరం ఎంత రావాలో కూడా ముందే రాసిపెట్టుకోండి: ఫేజు శిఖరం 8981 వోల్టులు, √(ఎల్ ÷ సీ) 11.9 ఓమ్‌లు, కాబట్టి సుమారు 755 ఆంపియర్లు. వోల్టేజీ శిఖరంలో మూసినప్పుడు దాని చుట్టుపక్కల రావాలి.

ఫ్లోటింగ్ సబ్‌నెట్‌వర్క్ మెసేజీని తేలిగ్గా తీసుకోకండి. స్విచ్ తెరిచి ఉన్నంతసేపు ఎర్త్ లేని ఆ స్టార్ ముక్క గాల్లో వేలాడుతున్నట్టే. ఏటీపీ ఏం చేస్తుందంటే ఆ ముక్కలో ఒక నోడుని తనే సున్నా వోల్టులకి కట్టేసి ముందుకెళ్లిపోతుంది. రన్ ఆగదు, కానీ న్యూట్రల్ వోల్టేజీని నమ్మడానికి లేదు. బ్యాంకు న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి 10 లక్షల ఓమ్‌ల రెసిస్టరు ఒకటి, లేకపోతే 0.003 మైక్రోఫారడ్ లాంటి చిన్న కెపాసిటరు పెట్టండి. మెసేజీ పోతుంది, ఫలితం చెడదు.

వశిష్ఠ33

పైన చెప్పింది అయ్యాకే టూల్స్. పనుల్ని బట్టి చెప్తాను, పేర్ల జాబితాల వల్ల ప్రయోజనం లేదు.

ఏటీపీడ్రా గీయడానికి మాత్రమే. నార్వేలో హైడాలెన్ గారు తయారుచేసింది, ఉచితం. అది వెనకాల 80 కాలమ్‌ల కార్డుల ఫైలు రాసి సాల్వరుకిస్తుంది. సాల్వరు వేరు, అది ఏటీపీ. 1960లలో డామెల్ అమెరికాలోని బానెవిల్ పవర్ అడ్మినిస్ట్రేషన్‌లో మొదలుపెట్టిన ఈఎంటీపీ అనే ప్రోగ్రాంకి ఇది ఒక కొమ్మ, 1984లో మేయర్, లూ ఇద్దరూ విడిగా తీసింది అనుకోండి. దానికి డబ్బు లేదు గానీ లైసెన్సు ఒప్పందం ఉంది. వాడుకదారుల సంఘం దగ్గర ఫారం నింపి తెచ్చుకోవాలి. పెన్‌డ్రైవులో ఎవరో ఇచ్చిన ఎక్జీ వాడితే ఏ కంపైలరుదో, ఎన్ని నోడ్లకి కట్టిందో తెలియదు, కాస్త పెద్ద కేసు పెట్టగానే మొరాయిస్తుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒకటే జాగ్రత్త. ఫోల్డరు పేరులో ఖాళీలు, తెలుగు అక్షరాలు ఉండకూడదు. సీ డ్రైవులో నేరుగా "ఏటీపీ" అని ఇంగ్లీషులో ఫోల్డరు చేసి అన్నీ అందులోనే పెట్టండి. డెస్క్‌టాప్ మీద పెడితే యూజరు పేరులో ఖాళీ ఉండి, ఏ మెసేజీ లేకుండా నల్ల కిటికీ ఒకటి తెరుచుకుని మూసుకుపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి సగం తలనొప్పి అదే.

గ్రాఫులకి ప్లాట్‌ఎక్స్‌వై. ఇటలీలో పీసా విశ్వవిద్యాలయం ప్రొఫెసరు చెరావోలో గారిది. పీఎల్4 ఫైలు (ఏటీపీ ఫలితాలుండేది) తెరిచి, కావాల్సిన సిగ్నల్ మీద నొక్కడమే. పాత రన్, కొత్త రన్ రెండు ఫైళ్లనీ ఒకే గ్రాఫు మీద వేసి చూసుకోవచ్చు. ఫోరియర్ కూడా ఉంది, దానికో నియమం: కిటికీ సరిగ్గా 20 మిల్లీసెకన్లు గానీ, దాని పూర్ణ గుణిజం గానీ ఉండాలి. 0.043 నుంచి 0.061 అని చేతికొచ్చినట్టు లాగితే లేని హార్మోనిక్స్ పుట్టుకొస్తాయి. స్విచ్ మూసిన సైకిలు మీద ఫోరియర్ వేసి "12 శాతం ఐదో హార్మోనిక్" అని రిపోర్టు రాస్తే అర్థం లేదు, ట్రాన్సియెంట్ ఆవర్తనం కాదు కాబట్టి. అది తగ్గాక వేయండి.

లెక్కలు పట్టికగా కావాలంటే జీటీపీప్లాట్. అర్జెంటీనాలో ఒర్లాండో హేవియా గారిది, కమాండ్ లైను మీద నడుస్తుంది, చూడ్డానికి మోటుగా ఉంటుంది. పీఎల్4ని కామ్‌ట్రేడ్‌గానో (రిలే రికార్డులుండే రూపం), అక్షర పట్టికగానో మార్చాలంటే దానంత తొందరగా అయ్యేది లేదు. పవర్ క్వాలిటీ మీటరు రికార్డులు పీక్యూడిఫ్ రూపంలో ఉంటే ఎలక్ట్రోటెక్ వాళ్ల టాప్ అనే ప్రోగ్రాం వాటినీ, పీఎల్4నీ రెండిటినీ తెరుస్తుంది.

ఓపెన్‌డీఎస్ఎస్ సంగతి కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. అమెరికా విద్యుత్ పరిశోధన సంస్థ ఈపీఆర్ఐ 2008లో అందరికీ విడుదల చేసింది, మంచి టూలు. కానీ అది ఫేజర్ల మీద నడుస్తుంది, స్విచింగ్ వేవ్‌ఫామ్ ఇవ్వదు. ఫీడరంతా వోల్టేజీ డ్రాపు, హార్మోనిక్ ప్రవాహం చూసుకోడానికి అది. ట్రాన్సియెంట్‌కి ఏటీపీ.

కోనసీమ_రిలే

రిలే రికార్డు గురించి. ఫైళ్లు రెండు: సీఎఫ్‌జీ, డాట్. రెండూ ఒకే పేరుతో ఒకే ఫోల్డరులో ఉండాలి. సబ్‌స్టేషన్‌లో అడిగితే చాలాసార్లు ఒక్క డాట్ ఫైలే కాపీ చేసి ఇస్తారు. సీఎఫ్‌జీ లేకుండా అది ఉత్త అంకెల మూట. ఏ ఛానెలు ఏదో, ఏ గుణకంతో గుణించాలో సీఎఫ్‌జీలోనే ఉంటుంది. అందులో ప్రతి అనలాగ్ ఛానెలు వరసలో చివర పీ అనో ఎస్ అనో ఒక అక్షరం ఉంటుంది. పీ అంటే ప్రైమరీ విలువలు, ఎస్ అంటే సెకండరీ. ఎస్ ఉండగా పీటీ (వోల్టేజీ కొలిచే ట్రాన్స్‌ఫార్మరు) నిష్పత్తితో గుణించడం మర్చిపోతే 11 కేవీ బస్సు 110 వోల్టులుగా కనబడుతుంది. 1991 నాటి పాత రూపంలో ఆ అక్షరం ఉండదు, గుర్తుంచుకోండి.

ప్లాట్‌ఎక్స్‌వైలో పీఎల్4నీ, సీఎఫ్‌జీనీ పక్కపక్కన తెరవచ్చు. పైథాన్ వచ్చినవాళ్లకి కామ్‌ట్రేడ్ అనే లైబ్రరీయే ఉంది, పది లైన్లలో పని అయిపోతుంది.

ఇప్పుడు అసలు ఇబ్బంది. ఫీడరు రిలే శాంప్లింగ్ సెకనుకి 1000 అనుకుంటే 254 హెర్ట్జ్‌కి ఒక ఊపుకి నాలుగు చుక్కలు కూడా రావు. శిఖరం రెండు చుక్కల మధ్యన పడిపోతుంది. దానికితోడు రిలే లోపలి ఫిల్టరు పై ఫ్రీక్వెన్సీలని నలిపేస్తుంది. అందుకని శిఖరాన్ని రిలే రికార్డుతో పోల్చకండి. ఊగే ఫ్రీక్వెన్సీ, మూడు పోల్స్ ఏ క్రమంలో మూసుకున్నాయి, ఎన్ని సైకిళ్లలో చల్లారింది, ఈ మూడే పోల్చండి. శిఖరం కావాలంటే సైకిలుకి 128 శాంపిళ్లు తీసే మీటరు, అంటే సెకనుకి 6400, ప్లాంటు 415 బస్సు మీద పెట్టాలి. మీ డ్రైవుని ఆపుతున్నది అక్కడి వోల్టేజీయే కదా.

పోల్స్ క్రమం ఎందుకన్నానంటే, బ్యాంకు న్యూట్రల్ ఎర్త్ కాలేదు. మొదటి పోల్ మూసినా ఏమీ జరగదు. రెండో పోల్ మూసినప్పుడే రెండు ఫేజుల మధ్య వోల్టేజీతో కథ మొదలవుతుంది. మూడు స్విచ్‌లూ ఒకే టైముకి మూసి ఒక్క రన్ చూసి తేల్చేయడం తప్పు. స్టాటిస్టిక్ స్విచ్ (ప్రతి రన్‌కీ మూసే క్షణం మార్చేది) పెట్టండి: ఒక ఫేజు మాస్టరు, 20 మిల్లీసెకన్ల నిడివిలో సమంగా పంచినట్టు. మిగతా రెండూ స్లేవ్‌లు, కొన్ని మిల్లీసెకన్ల తేడాతో. 200 రన్‌లు చాలు. వారంలో మూడు నాలుగు రోజులే ట్రిప్పు ఎందుకవుతోందో అందులో తేలిపోతుంది.

ఐసుప్లాంటు_భీమవరం

గోస్తనీ గారూ, సరిగ్గా చెప్పారు. ఎక్స్ఆప్ట్, సీఆప్ట్ రెండూ 50 ఉన్నాయి. కరెంటు 0.33 ఆంపియరే వచ్చింది. సున్నా చేశాక 254, 105 రెండూ వచ్చేశాయి. న్యూట్రల్‌కి 10 లక్షల ఓమ్‌లు పెట్టాక మెసేజీ కూడా పోయింది.

ఇప్పుడు లైను, ప్లాంటు పెట్టాలి. లైనుకి ఎల్‌సీసీలో (ఏటీపీడ్రాలో లైను వివరాలిచ్చే చోటు) ఏమివ్వాలి? డ్రైవుని ఎలా చూపించాలి?

గోస్తనీ_గట్టు

లైను: 55 కండక్టరు అంటే 3.15 మిల్లీమీటర్ల తీగలు ఏడు, బయటి వ్యాసం 9.45 మిల్లీమీటర్లు. ఎల్‌సీసీ అడిగేది వ్యాసార్ధం, అదీ సెంటీమీటర్లలో, కాబట్టి 0.4725 ఇవ్వాలి. ఇక్కడ 9.45 అని కొట్టేవాళ్లే ఎక్కువ. అది గంగాళమంత కండక్టరు! రెసిస్టెన్సు కిలోమీటరుకి సుమారు 0.62 ఓమ్‌లు. ఎత్తు రెండుచోట్ల అడుగుతుంది, స్తంభం దగ్గర, స్పాను మధ్యలో. మధ్యలో అంటే వేలాడాక నేల నుంచి ఎంత అని, ఎంత కిందకి జారిందని కాదు.

నేల రెసిస్టివిటీ గురించి ఒక మాట. ఉప్పునీటి చెరువుల గట్ల మీద 100 ఓమ్ మీటర్లు చాలా ఎక్కువ. కొలిచింది ఉంటే అదే ఇవ్వండి. కానీ మీ కేసులో బ్యాంకు న్యూట్రల్ ఎర్త్ కాలేదు, ప్లాంటు ట్రాన్స్‌ఫార్మరు డెల్టా, అందుకని నేల గుండా పోయేది దాదాపు లేదు. దాని మీద సమయం పోగొట్టుకోకండి. పిడుగు పాటు లెక్కలకైతే అది ముఖ్యం.

టైమ్ స్టెప్: 6 కిలోమీటర్లకి అల చేరడానికి 20 మైక్రోసెకన్లు. స్టెప్పు అంతకన్నా తక్కువ ఉండి తీరాలి. 2 మైక్రోసెకన్లు ఇవ్వండి. మధ్యలో 300 మీటర్ల ట్యాపింగ్ ఏదైనా వేరుగా గీస్తే దానికి ప్రయాణ కాలం ఒక్క మైక్రోసెకనే, అక్కడ రన్ ఆగిపోతుంది. అలాంటి ముక్కలకి π (పై) మోడల్ పెట్టండి, లేదా వదిలేయండి. ప్లాట్ ఫ్రీక్వెన్సీ 5 అనో 7 అనో బేసి సంఖ్య ఉంచండి. స్టెప్పు స్టెప్పుకీ పైకీ కిందకీ దూకే నకిలీ ఊపు ఒకటుంటుంది, అది ట్రెపిజాయిడల్ పద్ధతి వల్ల వచ్చే జబ్బు. సరిసంఖ్య ఇస్తే ఆ దూకుడు గ్రాఫులో కనపడకుండా దాక్కుంటుంది.

డ్రైవు: ఆరు డయోడ్‌లు, డీసీ కెపాసిటరు, దానికి సమాంతరంగా రెసిస్టరు. ఇంతే చాలు, ఇన్వర్టరు భాగం గీయక్కర్లేదు. కెపాసిటరు విలువ డ్రైవు మాన్యువల్లో చూడండి. రెసిస్టరు లోడుని బట్టి: 560 వోల్టుల మీద 75 కిలోవాట్లకి 4.2 ఓమ్‌లు, 30 కిలోవాట్లే తీసుకుంటుంటే 10.5. ప్రతి డయోడుకీ స్నబ్బరు తప్పనిసరి, 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ వరసగా. దాని టైమ్ కాన్‌స్టెంట్ 10 మైక్రోసెకన్లు, స్టెప్పుకి ఐదు రెట్లు, కాబట్టి సరిపోతుంది. స్నబ్బరు లేకుండా డయోడ్‌లు పెడితే ఇందాక చెప్పిన నకిలీ ఊపు డీసీ బస్సు నిండా ఉంటుంది.

ఏసీ సోర్సు మొదలయ్యే టైము మైనస్ 1 ఇవ్వండి, స్థిరస్థితి నుంచి మొదలవుతుంది. డీసీ కెపాసిటరు మాత్రం సున్నా నుంచే నిండుతుంది, డయోడ్‌లు ఉన్నాయి కదా. అందుకని బ్యాంకుని 0.1 సెకను తర్వాత మూయండి.

ట్రిప్పు గీత ఎక్కడ వేయాలంటే, 415 శిఖరం 587 వోల్టులు. లోడు తక్కువున్నప్పుడు డీసీ బస్సు దాని దగ్గరే కూర్చుంటుంది. 400 వోల్టుల తరగతి డ్రైవులు సాధారణంగా 800 దాటితే ఆగిపోతాయి. మీ మాన్యువల్లో అంకె చూసి గ్రాఫు మీద అడ్డగీత గీయండి.

వశిష్ఠ33

టైమ్ డొమైన్ రన్‌కి ముందు ఫ్రీక్వెన్సీ స్కాన్ ఒకటి వేయండి. ఏటీపీ సెట్టింగ్స్‌లో సిమ్యులేషన్ రకం మార్చి, 50 నుంచి 1000 హెర్ట్జ్ వరకు 1 హెర్ట్జ్ చొప్పున. అసలు సోర్సు వోల్టేజీ సున్నా చేసి 11 కేవీ బస్సులోకి మూడు ఫేజులకీ 1 ఆంపియరు పంపితే, వచ్చే వోల్టేజీయే ఇంపీడెన్స్. డయోడ్‌లు తీసేయాలి, స్కాన్‌లో వాటికి అర్థం లేదు. శిఖరం ఎక్కడుందో చూసి ఇక్కడ చెప్పండి.

ఐసుప్లాంటు_భీమవరం

స్కాన్‌లో రెండు శిఖరాలు వచ్చాయి, 241 ఒకటి, 417 ఒకటి. 254 ఎటు పోయింది? ప్లాంటు వైపు చేతి లెక్కకి 394 వచ్చింది (ట్రాన్స్‌ఫార్మరు 10.89 ఓమ్‌లు, లైను కిలోమీటరుకి 0.35 చొప్పున 2.1, కెపాసిటరు 11 కేవీ వైపు నుంచి చూస్తే 3.95 మైక్రోఫారడ్). అదీ లేదు. మళ్లీ ఏమైనా తప్పు చేశానా?

గోస్తనీ_గట్టు

తప్పేం లేదండి, ఆ రెండంకెలూ సరైనవే. 254, 394 రెండూ విడివిడిగా ఉన్నప్పటివి. కలిపి కట్టాక ఒకదాన్నొకటి తోసుకుంటాయి, కిందది ఇంకా కిందకి, పైది ఇంకా పైకి. చేతి లెక్కలో రెండూ కలిపి చేసినా 241, 417 వస్తాయి.

మీ ట్రిప్పు కారణం ఇక్కడే ఉంది. బ్యాంకు మూయగానే 11 కేవీ బస్సు ఒక్కసారిగా కుంగి లేస్తుంది. ఆ ఊపు 415 వైపు ఏపీఎఫ్‌సీ కెపాసిటర్లని రెండు ఫ్రీక్వెన్సీలతోనూ ఊపుతుంది. రెండు ఊపులూ ఒకవైపే కలిసే క్షణంలో, లెక్కలోంచి డ్యాంపింగ్ పూర్తిగా తీసేస్తే 415 దగ్గర 3 పీయూ (మామూలు శిఖరానికి మూడు రెట్లు) దాటిపోతుంది. నిజంలో లోడు, రెసిస్టెన్సు, డీసీ కెపాసిటరు దాన్ని బాగా తగ్గిస్తాయి. కానీ 800 దాటడానికి 1.36 పీయూ చాలు. 11 కేవీ బస్సు మీద మామూలుగా కనపడే ట్రాన్సియెంట్, ప్లాంటులో పెరిగి కనపడుతోంది.

పరీక్ష తేలికే. బ్యాంకు ఆన్ చేసే వేళకి పది నిమిషాలు ఏపీఎఫ్‌సీని మాన్యువల్లో పెట్టి స్టెప్పులన్నీ తీసేయండి. వారం రోజులు ట్రిప్పు లేకపోతే తేలిపోయినట్టే. ఏటీపీలో కూడా ఆ 150 కేవీఏఆర్ తీసేసి 200 రన్‌లు మళ్లీ వేసి పోల్చండి.

ఇంకొకటి. 241 ఐదో హార్మోనిక్‌కి, అంటే 250కి, ఆనుకునే ఉంది. చుట్టుపక్కల డ్రైవులన్నీ ఐదోదాన్నే వదిలేవి. బ్యాంకు ప్యానెల్ ఆమ్మీటరు 105 కంటే ఎంత ఎక్కువ చూపిస్తోందో సబ్‌స్టేషన్‌లో అడగండి. 136 దాటితే కెపాసిటర్ల 1.3 రెట్ల హద్దు దాటినట్టే. ట్రాన్సియెంట్ పక్కన ఇది వేరే గొడవ.

కోనసీమ_రిలే

అయితే బ్యాంకుకి 6 శాతం సిరీస్ రియాక్టరు అడగొచ్చు కదా? 11.55 మిల్లీహెన్రీ. శిఖరం 159 దగ్గరికి దిగిపోతుంది, ఐదోది దూరమవుతుంది.

గోస్తనీ_గట్టు

అడగొచ్చు. కానీ 6 శాతం పెడితే కెపాసిటర్ల మీద వోల్టేజీ 1 ÷ 0.94, అంటే 6.4 శాతం పెరుగుతుంది. పాత యూనిట్లు దానికి తగ్గ రేటింగు కావు, బ్యాంకు మొత్తం మార్చాలి. 159 కూడా మూడో హార్మోనిక్ 150కి దగ్గరే, న్యూట్రల్ ఎర్త్ లేదు కాబట్టి మూడోది పెద్దగా బాధించదు గానీ చూసుకోవాలి. ఇప్పుడు ఎక్కువచోట్ల ఉండే 0.2 శాతం రియాక్టరు దీనికి పనికిరాదు. అది పక్కన రెండో బ్యాంకు ఉన్నప్పుడు ఇన్‌రష్ కోసం. మధ్యలో 20 మైక్రోహెన్రీ బస్సు మాత్రమే ఉంటే 2 ఎంవీఏఆర్‌లు రెండింటి మధ్య 10 కిలోఆంపియర్లు, 6900 హెర్ట్జ్. చెరో 0.2 శాతం పెడితే 1600 ఆంపియర్లు, 1100 హెర్ట్జ్. దాని పని అంతవరకే.

సబ్‌స్టేషన్ మీద ఆధారపడకుండా ప్లాంటులో అయ్యే పని డ్రైవు ముందు లైన్ చోకు. 75 కిలోవాట్లకి 140 ఆంపియర్లు అనుకుంటే 3 శాతం అంటే ఫేజుకి 0.16 మిల్లీహెన్రీ. ముందు ఏటీపీలో డయోడ్‌ల ముందు అది పెట్టి 200 రన్‌లలో ఎన్నిసార్లు మీ అడ్డగీత దాటుతోందో చూడండి. 3 చాలకపోతే 5 శాతం, 0.27 మిల్లీహెన్రీ, పెట్టి చూడండి, వోల్టేజీ డ్రాపు ఒప్పుకుంటేనే. కొనేటప్పుడు 140 ఆంపియర్ల దగ్గర కూడా ఇండక్టెన్సు తగ్గకూడదని రాయించుకోండి. చవకవి సగం కరెంటుకే కోరు నిండిపోతుంది, అప్పుడు ఉన్నా లేనట్టే.